కలువ సన్నానికి వేసిన అంకె

మేనకోడలు విత్తనాల కంపెనీలో సైంటిస్టు అని నర్సింహులు కనపడినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆమె అక్కడ చేసే పనేమిటో మాత్రం చాలా ఏళ్లు అడగలేదు. చివరికి అడిగింది కూడా అవసరం పడే.

ఆ ముందటి యాసంగిలో ఆయన పొలానికి అగ్గితెగులు తగిలి సగం పంట పోయింది. దీపావళి వెళ్లాక ఒక ఆదివారం పొద్దున, మళ్లీ నారు పోసే రోజులు దగ్గరపడుతుండగా, దిల్‌సుఖ్‌నగర్‌లో అరుణశ్రీ ఉండే కిరాయి ఇంటికి వచ్చాడు. చేతిలో కవరు నిండా సీతాఫలాలు. అవి ఆమె చేతికిచ్చి, సోఫాలో కూర్చుంటూనే అన్నాడు.

"బిడ్డా, నాకొక మంచి ఇత్తనం చెప్పు. పోయినసారి లెక్క పొలం కాలిపోవద్దు."

నర్సింహులుది ఎల్బీనగర్ పక్కన మన్సూరాబాద్. ఆయన చిన్నప్పుడు వరి, జొన్న పండిన ఆ ఊరి భూములన్నీ కాలనీలైపోయాయి. వాళ్ల భూమీ పోయింది. అన్నదమ్ములు వచ్చిన పైసలతో ఫంక్షన్ హాలు కట్టారు, షటర్లు వేసి కిరాయికి ఇచ్చారు. ఈయన ఇల్లొకటి కట్టుకుని, మిగిలినదాంతో పోచంపల్లి దిక్కు, మూసీ కాల్వ కింద పొలం కొన్నాడు. రోజూ పొద్దున్నే టీవీఎస్ బండి తీసి, హయత్‌నగర్ దాటి, అంత దూరమూ పోయి మడి చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. కొడుకు కమలాకర్ ప్లాట్ల వ్యాపారం చేసేవాడు. "మా నాయినకు పొలం గాదు, పిచ్చి" అనేవాడు గానీ ఆపలేదు.

తండ్రి పోయాక అరుణశ్రీని రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ చదివించింది ఈ మేనమామే. ఆయన ఏదైనా అడగడం అరుదు. అందుకే ఆమె చేస్తున్న వంట ఆపి, ఫోన్లో కంపెనీ రకాల పట్టిక తెరిచి పక్కన కూర్చుంది. ఒక్కో రకం పేరుకు ఎదురుగా తెగుళ్ల పేర్లు, వాటి కింద అంకెలు ఉన్నాయి.

"గీ అంకెలేంది? మార్కులా?"

"మార్కులే అనుకో మామా, కాని ఉల్టా. సున్నా నుంచి తొమ్మిది దాక ఉంటయి. సున్నా అంటే ఆకు మీద మచ్చ లేదు. తొమ్మిది అంటే ఆకు మొత్తం కాలింది. అంకె ఎంత చిన్నగుంటే అంత మంచిది."

"అంటే తక్కువొచ్చినోడే పాసా?" నర్సింహులు నవ్వాడు. "మా కమలాకర్ గీ లెక్కల చదివుంటే ఫస్టు క్లాసొచ్చేటోడు."

ఆమె కూడా నవ్వింది. ఆయనకు ఆసక్తి పుట్టింది. ఆ అంకెలు ఎవరు వేస్తారని అడిగాడు. అగ్గితెగులుకు తానే వేస్తానంది. హయత్‌నగర్ అవతల కంపెనీకి కొంత నేల ఉంది. అక్కడ ఒక్కో రకాన్ని ఒక్కో చిన్న వరుసగా పోస్తారు. చుట్టూ తెగులు తొందరగా పట్టే రకం వేస్తారు. తెగులున్న ఆకుల్ని తెచ్చి ముక్కలు చేసి చల్లి, మంచు కురిసినట్టు నీటి తుంపర కొడుతూ ఉంటారు.

"రోగాన్ని మీరే పెంచుతరా?"

"పెంచకుంటే ఏది తట్టుకుంటదో ఎట్ల తెలుస్తది?"

పట్టికలో కలువ సన్నం అనే రకానికి అగ్గితెగులు కింద రెండు ఉంది. నర్సింహులు వేలు దాని మీద ఆగింది.

"రెండంటే రోగం రానట్టే గద?"

"రానట్టు కాదు మామా. జర పూర్తిగ విను. మా దగ్గర, మేం చల్లిన రోగానికి, లేత ఆకు మీద రెండొచ్చింది. కంకి మెడకు వచ్చే అగ్గితెగులు వేరేగ చూడాలె, గది మేం ఇంక చూడలే. ఇంకోటి, రోగం కూడ మారుతుంటది. ఇయ్యాల తట్టుకున్న రకం ఎప్పటికీ తట్టుకుంటదని గ్యారంటీ ఇయ్యలేం."

"గ్యారంటీ ఎవడిస్తడు బిడ్డా? వానకున్నదా గ్యారంటీ? నాకు రెండు చాలు."

ఆ ఏడు కలువ సన్నం వేశాడు. చుట్టుపక్కల మళ్లు అక్కడక్కడా మాడినా ఆయన మడికి ఏమీ కాలేదు. మరుసటేడు అంతకంటే బాగా పండింది. గింజ సన్నగా, తెల్లగా ఉందని మిల్లువాళ్లే పొలం దగ్గరికి వచ్చి తీసుకుపోయారు. కాల్వ కింద రైతులు ఆగి ఆగి ఆ పొలాన్ని చూసేవారు. నర్సింహులుకు అరవై దాటాక మళ్లీ వయసొచ్చినట్టయింది. ప్రతి ఒక్కరినీ గట్టు మీద నిలబెట్టి చెప్పేవాడు.

"మా మేనకోడలేసింది దీనికి అంకె. రెండు! రెండంటే ఏందో తెల్సా? రోగం దీని దిక్కు సూడదు."

ఆ మాటలో అరుణశ్రీ చెప్పినది ఎంత మిగిలిందో ఆయన గమనించలేదు. వినేవాళ్లకు అసలే తెలియదు. మూడో ఏటికి కాల్వ కింద చాలామంది కలువ సన్నమే పోశారు.

వాళ్లలో ముత్తమ్మ ఒకతె. నర్సింహులు పొలాన్ని ఆనుకుని ఉన్న మడి ఆమె కౌలుకు చేసేది. భర్త లింగస్వామికి మోకాళ్లు పోయాయి, గట్టు మీద కూర్చుని చూడటం తప్ప దిగలేడు. ఆమె ఎప్పుడూ దొడ్డు రకమే వేసేది. ధర తక్కువైనా దానిమీద ఆమెకు నమ్మకం. ఆమెను ఒప్పించడానికి నర్సింహులు రెండు మూడుసార్లు వాళ్లింటికి పోయాడు. చివరికి తన పొలంలోని వడ్లే విత్తనానికి ఇచ్చాడు.

అదే సంవత్సరం ఇంకొక మాట కూడా జరిగింది. కాల్వకు ఇవతలి దాకా వెంచర్లు వచ్చేశాయి. ఆ నేలను ప్లాట్లు చేద్దామని కమలాకర్ చాలా రోజులుగా అడుగుతున్నాడు. తండ్రి పెరిగిన పంట చూపించి, "పండేటి భూమిల రాళ్లు పాతుతవారా?" అని నోరు మూయించాడు. కమలాకర్ గట్టిగా ఏమీ అనలేదు.

"సరె నాయిన. కాని ఒక్క పంట పోయిందనుకో, ఇగ నా మాట వినాలె."

"పోతే గద!" అన్నాడు నర్సింహులు. భార్య కనకమ్మ కూడా అక్కడే ఉంది. ఆమె ముందే మాటిచ్చాడు.

జనవరి రెండో వారంలో చలి బాగా ఉంది. పొద్దున తొమ్మిదైనా హయత్‌నగర్ అవతల మంచు విడలేదు. కంపెనీ నేల చుట్టూ కడుతున్న అపార్టుమెంట్లు పై అంతస్తులు లేనట్టు కనిపిస్తున్నాయి. అరుణశ్రీ స్వెట్టర్ మీద కోటు వేసుకుని వరుసల మధ్య గొంతుక్కూర్చుని అంకెలు వేస్తోంది. చుట్టూ పోసిన రకం అప్పటికే మాడి, ఎర్రగా, గడ్డివాములా పడి ఉంది. అది అట్లాగే ఉండాలి. అది మాడితేనే మిగతావాటికి పరీక్ష జరిగినట్టు.

కలువ సన్నం వరుస దగ్గరికి వచ్చినప్పుడు ఒక ఆకు మీద మచ్చ కనిపించింది. పక్క వరుస ఆకు వంగి ఇటు పడిందేమో అనుకుని దాన్ని పట్టుకుని మొదలు దాకా వేలు పోనిచ్చింది. అది కలువ సన్నం దుబ్బుదే.

తట్టుకునే రకం మీద కూడా చుక్కలు పడతాయి. సూదితో పొడిచినంత గోధుమరంగు చుక్క, అంతే. ఆకు ఆ చోటును తానే చంపుకుని తెగులును అక్కడే ఆపేస్తుంది. ఇది అట్లా లేదు. నూలు కండెలాగా రెండు వైపులా మొనదేలి, మధ్యలో బూడిదరంగు. బూడిదరంగు ఉందంటే తెగులు అక్కడ హాయిగా బతుకుతోందని, గాలికి విత్తనం వదులుతోందని అర్థం. ఆమె రెండో ఆకు తిప్పింది. మూడోది తిప్పింది. లేచి అవతలి మడిలో ఉన్న ఇంకో కలువ సన్నం వరుస దగ్గరికి పోయింది. అక్కడా అంతే. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదటి వరుసకు వచ్చి చూసింది.

ఏడు వేసింది.

ఆ వెంటనే ఆమెకు గుర్తొచ్చింది మేనమామ పొలమే. ఆ తర్వాత కాల్వ, దాని కిందంతా ఆయన మాట మీద పోసిన మళ్లు.

కంపెనీ ఆఫీసు ఎల్బీనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది. ఆమె పై అధికారి సీతారాములు తెనాలి వైపు మనిషి, రిటైరవడానికి దగ్గర్లో ఉన్నాడు. కవరులో పెట్టి తెచ్చిన ఆకుల్ని ఆయన బల్ల మీద పరిచి భూతద్దంతో చూశాడు.

"పరీక్షకు వేసిన మిగతా రెండు చోట్లా ఎంతొచ్చిందమ్మా?"

"ఒక చోట మూడు, ఇంకో చోట రెండు సార్."

"అంటే సగటు నాలుగు. మధ్యస్థంగా తట్టుకుంటుంది అని రాయొచ్చు."

"సార్, ఇక్కడ ఏడొచ్చింది. ఇక్కడి గాలిలో ఉన్న తెగులు దాన్ని గెలిచేసింది. ఇక్కడ నాటినోళ్లకు ఆ సగటు ఏం పనికొస్తది?"

సీతారాములు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కోపం రాలేదు ఆయనకు.

"నాకు తెలీదనుకుంటున్నారా? ముప్ఫై ఏళ్లుగా ఇదే చూస్తున్నానండీ. ఒక రకం వస్తుంది, అందరూ అదే వేస్తారు, అందరూ వేసేసరికి తెగులు దాని మీదే నేర్చుకుంటుంది. సరే, ఆపేద్దాం. దాని బదులు ఏమిద్దాం చెప్పండి."

ఆమె పట్టిక మనసులో తిప్పుకుంది. పాత రకానికి ఎనిమిది. ఇంకోదానికి ఆరు, కానీ దానికి ఎండాకు తెగులు తొమ్మిది. కొత్తగా తయారవుతున్నది రైతు చేతికి రావాలంటే ఇంకా చాలా ఏళ్లు.

"చెప్పండి" అన్నాడు ఆయన మళ్లీ, మెల్లగా.

ఆమె బల్ల మీది ఆకుల్ని ఏరి మళ్లీ కవరులో పెట్టింది.

"రిపోర్టు పైకి పంపుతాను. నాటేసినవాళ్లను మందు కొట్టుకోమనండి. మన చేతిలో ఉన్నది అదొక్కటే."

రిపోర్టు పంపాడు కూడా. దానికి జవాబు రాలేదు.

ఆ సాయంత్రమే అరుణశ్రీ మేనమామ ఇంటికి పోయింది. కనకమ్మ వంటింట్లో సర్వపిండి కాలుస్తోంది. నర్సింహులు, కమలాకర్ ముందుగదిలో టీవీ చూస్తున్నారు. ఆమె కూర్చోకుండానే చెప్పింది.

"మామా, మా దగ్గర కలువకు అగ్గితెగులొచ్చింది."

"మీరే గద పెట్టేది?"

"ఇన్నేండ్లు పెట్టినా దాని మీదికి ఎక్కలే. ఇప్పుడెక్కింది. తెగులు మారింది మామా."

నర్సింహులు టీవీ ఆపాడు. "మరి అంకె?"

"ఏడు."

"రెండు ఏడెట్లయితది?" ఆయనకు నిజంగా అర్థం కాలేదు. "ఇత్తనం గదే గద?"

"ఇత్తనం గదే. అంకె ఇత్తనానికి ఒక్కదానికే కాదు మామా. ఇత్తనానికీ రోగానికీ నడుమ జరిగిన కొట్లాటలో ఆ యేడాది ఎవరు గెలిచిన్రో గది చెప్తది. గంతే. మల్ల యేడాది మల్ల కొట్లాటనే."

"నువ్వు గప్పుడే చెప్పినవ్" అన్నాడు ఆయన. "రోగం మారుతదన్నవ్. చెప్పినవ్, చెప్పినవ్."

కమలాకర్ ఆ మాట మీద ఏదైనా అంటాడేమోనని ఆమె అటు చూసింది. అతను లేచి తండ్రి పక్కన వచ్చి కూర్చున్నాడు. "మందు కొడితే ఆగుతదా, అరుణా?"

"జల్దీ కొడితే కొంచెం ఆగొచ్చు బావా. యూరియా ఒక్క పిరికెడు గూడ వెయ్యొద్దు. పైరు ఎంత ఏపుగుంటే గంత రోగం పడతది."

నర్సింహులు తల ఊపాడు. "నేనేస్తలే బిడ్డా. ఎన్నడేసిన? మూసీ నీళ్లల్లనే ఉంటది సత్తువ."

ఆమె ఆ సంగతి అప్పటిదాకా ఆలోచించలేదు. పట్నం మురుగంతా మోసుకుపోయే నీళ్లు అవి. దిల్‌సుఖ్‌నగర్‌లో తాము వదిలిన నీళ్లు కూడా ఎక్కడో ఒకచోట అందులో కలిసి, కాల్వలో పడి ఆ మళ్లకు చేరతాయి. ఆ నీటికి వరి నల్లగా, మెత్తగా ఎదుగుతుంది. తెగులుకు కావలసింది సరిగ్గా అటువంటి ఆకే. నీళ్లు కడితే తెగులుకు మేత వేసినట్టు. కట్టకపోతే పైరు ఎండుతుంది.

"నీళ్లు జర తక్కువ కట్టు మామా" అంది, వేరే ఏమనాలో తోచక.

నర్సింహులు మందు కొట్టించాడు. కాల్వ కింద అందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. కొంతమంది విన్నారు. కొంతమంది, "నువ్వే గద రోగం రాదంటివి" అన్నారు. ముత్తమ్మ మడికి తన మడితో పాటే ఆయనే కొట్టించాడు. అయినా ఆకుల మీద మచ్చలు వచ్చాయి. ఫిబ్రవరిలో మళ్లీ కొట్టించాడు. అప్పుడు చలి తగ్గింది. పైన వచ్చిన కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. రోజూ ఒక ఆకు ఫొటో తీసి అరుణశ్రీకి వాట్సాప్‌లో పంపేవాడు. ఆమె ఆఫీసు బస్సులో కూర్చుని వాటిని పెద్దవి చేసి చూసేది. పచ్చగా ఉండేవి.

మార్చిలో ఒక పొద్దున ఫోన్ చేశాడు. వెనక కాల్వ నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఈనింది బిడ్డా! మొత్తం ఈనింది. కంకులు ఎట్లున్నయంటే, జడలేసుకున్న ఆడపిల్లల లెక్కున్నయ్."

ఆమె సంతోషించాలనుకుంది. "మామా, ఇయ్యాలనే ఇంకొకసారి మందు కొట్టు. కంకి మెడకు తగలాలె."

"కొట్టిస్త, కొట్టిస్త. నువ్వు పరేషాన్ గాకు."

కొట్టించిన సాయంత్రమే మబ్బు పట్టింది. కాలం కాని కాలంలో సన్నటి వాన మొదలై, కొట్టిన మందును కడిగేసింది. మూడు నాలుగు రోజులు మబ్బూ ముసురూ వదల్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో జనం ఎండ తగ్గిందని సంబరపడ్డారు. బస్టాండ్ దగ్గర మిర్చి బజ్జీల బండ్ల చుట్టూ గుంపులు గుంపులుగా నిలబడ్డారు. అరుణశ్రీ వాళ్ల మధ్య నుంచి మెట్రో మెట్లెక్కుతూ ఆకాశం వంక చూసి కళ్లు దించుకుంది.

ఆ తర్వాత ఫొటోలు రావడం ఆగిపోయింది. ఆమె ఫోన్ చేస్తే కనకమ్మ ఎత్తింది.

"మీ మామ పొద్దుగాల పోతుండు, పొద్దూకినంక ఒస్తుండు. ఏం మాట్లాడుతలేడు. జర నువ్వన్న పోయి సూడు బిడ్డా."

ఆదివారం కమలాకర్ కారులో ఆమెను తీసుకుపోయాడు. రోడ్డు మీది నుంచి చూస్తే పొలం పండినట్టే ఉంది. దగ్గరికి పోతే తెలిసింది. కంకులు వంగలేదు. నిటారుగా, తెల్లగా, ఎండిన గడ్డిపూవుల్లా నిలబడి ఉన్నాయి. బరువుంటే కదా వంగడానికి. అరుణశ్రీ ఒక కంకి పట్టుకుంది. మెడ దగ్గర నల్లటి పట్టీ కట్టినట్టుంది. కొంచెం లాగేసరికి అక్కడికక్కడే విరిగి చేతిలోకి వచ్చింది. గింజ నలిపితే పొట్టు తప్ప లోపల ఏమీ లేదు.

నర్సింహులు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్లను చూసి లేవలేదు. పక్క మడి గట్టు మీద లింగస్వామి కూడా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ముత్తమ్మ చీర కొంగు నడుముకు చుట్టి మడిలోనే నిలబడి ఉంది. ఆమె అరుణశ్రీని అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. అయినా పోల్చుకుంది.

"నువ్వేనా బిడ్డా, నంబర్లేసేది?"

"నేనే అమ్మా."

"మా మడికెంతేస్తవ్?"

ఆమె గొంతులో ఎగతాళి లేదు. అరుణశ్రీ వెతికింది, లేదు. నిజంగానే అడుగుతోంది. డాక్టరును అడిగినట్టు.

అరుణశ్రీ చెప్పులు గట్టు మీద విడిచి మడిలోకి దిగింది. ఎక్కడ ఎన్ని కంకులు పోయాయో చూసుకుంటూ ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచింది. వెనక్కి వచ్చాక ముత్తమ్మ ముఖంలోకి చూడటం కష్టమైంది.

"తొమ్మిది."

"తొమ్మిదంటే?"

"దానికి మించి లేదమ్మా."

ముత్తమ్మ తల ఊపింది. తర్వాత లింగస్వామి వైపు తిరిగి, గట్టిగా, చెవిటివాడికి చెప్పినట్టు అరిచింది. "తొమ్మిదంట! అయిపోయిందంట! ఇగ లే, ఇంటికి పోదాం!"

కోత మిషన్ వాడు వచ్చి చూసి, కోసినా తాలే తప్ప ఏం రాదని వెళ్లిపోయాడు. కొందరు పొలాల్లోకి గొర్రెల్ని వదిలారు. ఆ గడ్డిని గొర్రెలు కూడా ఇష్టంగా తినలేదు.

ఊళ్లో మాటలు పుట్టాయి. కంపెనీ వాళ్లు నర్సింహులుకు ఏదో ముట్టజెప్పి ఆ విత్తనం అంటగట్టించారని ఒకరన్నారు. మేనకోడలికి కమీషన్ అని ఇంకొకరు అన్నారు. ఆ మాట అరుణశ్రీ దాకా వచ్చింది. ఆమె మేనమామ ఇంటికి పోయి ఆయన ముందు కూర్చుంది. ఆయన తిడితే బాగుండుననుకుంది.

"మామా, నీకు ఇత్తనం చెప్పింది నేనే."

"నువ్వు మొత్తం చెప్పినవ్ బిడ్డా. నేనే సగమిన్న. ఆ సగంల సగం ఆళ్లకు చెప్పిన." ఆయన లేచి లోపలికి పోయాడు.

కమలాకర్ పొలం సంగతి ఎత్తలేదు. చాలా రోజులు తండ్రిని కదపకుండా చూశాడు. చివరికి నర్సింహులే ఒక పొద్దున చాయ్ తాగుతూ, "కానీరా. నువ్వనుకున్నది చేస్కో" అన్నాడు. కమలాకర్, "ఇంకొక్క ఏడు చూద్దాం నాయినా" అన్నాడు. అప్పుడు ఆ మాట అంటాడని ఎవరూ అనుకోలేదు. నర్సింహులు ఒప్పుకోలేదు. ఎండాకాలంలో జేసీబీ వచ్చి గట్లన్నీ చదును చేసింది. తెల్ల రంగు వేసిన రాళ్లు పాతారు.

ముత్తమ్మకు కౌలు భూమి మళ్లీ ఇవ్వలేదు. వానాకాలంలో ఒకరోజు అరుణశ్రీ ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి, ఫ్లైఓవర్ కింద కూలీల అడ్డా మీద ఆమెను చూసింది. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, మేస్త్రీల కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. అరుణశ్రీ దగ్గరికి పోయింది.

"నాగోల్‌ల ఒక రూము తీసుకున్నం బిడ్డా" అంది ముత్తమ్మ. "ఆయినె ఆడనే ఉంటుండు. నాకు దినం దొరికితే దొరుకుతది, లేకుంటే లేదు." కొంచెం ఆగి అడిగింది. "ఈసారి కాల్వ కింద ఆళ్లు ఏమేసిన్రో ఎరుకనా?"

"కలువనే వేసిన్రు."

"అయ్యో. మల్ల గదేనా?"

"ఇంకోటి లేదమ్మా."

ఒక ఆటో ట్రాలీ వచ్చి ఆగింది. ఆడవాళ్లంతా లేచి దాని చుట్టూ మూగారు. ముత్తమ్మ కూడా కొంగు దోపుకుంటూ అటు పరిగెత్తింది.

నిజంగానే దుకాణాల్లో అదే సంచి ఉంది. పట్టికలో రెండు పోయి నాలుగు వచ్చింది. అరుణశ్రీ తన వరుసలకు తాను వేసిన ఏడు ఆ నాలుగు లోపల ఎక్కడో ఉంది. దాన్ని బయటికి లాగి చూపించాలని ఆమె రెండుసార్లు మీటింగులో మాట్లాడింది. సీతారాములు రెండుసార్లూ ఆమె వైపే మాట్లాడాడు. ఆ తర్వాత ఆయన రిటైరయ్యాడు.

యాసంగి మళ్లీ వచ్చింది. జనవరిలో ఒక పొద్దున అరుణశ్రీ వరుసల మధ్య కూర్చుని ఉండగా గేటు దగ్గర మాటలు వినపడ్డాయి. తలెత్తితే నర్సింహులు. మంకీ క్యాపు పెట్టుకుని, వాచ్‌మన్‌తో ఏదో చెప్తున్నాడు. పొలం పోయాక ఆయన పొద్దున్నే బండి తీసుకుని ఎటో తిరుగుతున్నాడని కనకమ్మ చెప్పింది గానీ, ఇటు వస్తాడని ఆమె అనుకోలేదు.

"ఊకెనే ఒచ్చిన" అన్నాడు. "నీ పని సూద్దామని."

ఆమె ఆయన్ను లోపలికి తీసుకుపోయింది. ఆయన ప్యాంటు కాళ్లు పైకి మడుచుకుని వరుసల మధ్య మెల్లగా నడిచాడు. మాడినవాటి దగ్గర ఆగలేదు. పచ్చగా ఉన్న ప్రతి వరుస దగ్గర వంగి, ఆకు రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఇటూ అటూ తిప్పి చూశాడు. కొత్తగా తయారవుతున్న రకం దగ్గర కూడా ఆగాడు. దాని మీద అప్పటికే బూడిదరంగు మచ్చలున్నాయి. అడగకుండానే ఆమె, "అయిదు" అంది. ఆయన ముందుకు నడిచాడు.

చివరి వరుస దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. దాని మీద ఒక్క మచ్చ కూడా లేదు.

"గిది?"

"సున్నా మామా."

ఆయన ముఖం తిప్పి ఆమెను చూశాడు. "మరి గిది ఇయ్యరాదుండ్రి రైతులకు?"

"గది అడవి వరి మామా. వాగుల పొంటి దానంతటదే మొలుస్తది. గింజ పండకముందే రాలిపోతది, కోద్దామంటే చేతికి రాదు. దాంట్ల ఉన్న సత్తువను మన వరిలోకి తేవాలని చూస్తున్నం. పదేండ్లు పడుతది. గప్పటికి రోగం ఎట్లుంటదో..."

నర్సింహులు అడవి వరి దుబ్బు పక్కన కూర్చుని, దాని సన్నటి ఆకును కింది నుంచి కొస దాకా నిమిరాడు. ఆకు అంచు కోసుకుని వేలు మీద ఎర్రటి గీత పడింది. ఆయన దాన్ని చూసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఎండొచ్చింది" అన్నాడు లేస్తూ. "నువ్వు నీ పని సూస్కో బిడ్డా. నేను పోత."

గేటు దాకా తోడు వస్తానంటే వద్దన్నాడు. బండి చప్పుడు హైవే వైపు పోయేదాకా విని, అరుణశ్రీ వదిలేసిన వరుస దగ్గరికి తిరిగి వచ్చి కూర్చుంది. ఇంకా చాలా వరుసలు మిగిలి ఉన్నాయి.